పోలీసు పేరు, యుద్ధం పని



మా ఇల్లు మౌలాలిలో. గుట్ట దిగువన, రైల్వే స్టేషనుకు దగ్గర. మా వైపు తెల్లవారడం రెండు చప్పుళ్లతో మొదలవుతుంది. ఒకటి, కాజీపేట దిక్కు పోయే బండి కూత. రెండోది, కవాతు. మౌలాలిలో రైల్వే రక్షక దళానికి శిక్షణ కేంద్రం ఉంది. ఊరూరి నుంచి పిల్లలు వస్తారు. ఇప్పుడైతే ఆడపిల్లలు కూడా చాలామంది వస్తున్నారు. పొద్దున్నే సావధాన్, విశ్రామ్, తేజ్ చల్ అనే కేకలు వినిపిస్తాయి. వందల కాళ్లు ఒక్కసారిగా నేలను తాకుతాయి. ఆ చప్పుడు వింటూ చాయ్ తాగడం నాకు అలవాటైపోయింది.

ఒకరోజు ఆ చప్పుడు వింటుంటే ఒక ప్రశ్న వచ్చింది. కవాతు సిపాయి చేస్తాడు. కవాతు పోలీసు కూడా చేస్తాడు. బూట్లు ఇద్దరికీ ఉన్నాయి, తుపాకి ఇద్దరికీ ఉంది. మరి ఇద్దరికీ తేడా ఎక్కడుంది?

చిన్న ప్రశ్నలా ఉంది కదూ. కానీ దీని కోసం మన నేల మీద చాలా రక్తం పారింది. ఈ రోజు ఆ కథే మీతో చెప్పుకోవాలని వచ్చాను.

ముందు మనకు బాగా తెలిసిన మాటతో మొదలుపెడతాను. మన హైదరాబాదు పెద్దవాళ్లను మీ వయసెంత అని అడిగి చూడండి. పోలీస్ యాక్షన్ నాటికి నేను బడికి పోతున్నా అంటారు. పోలీస్ యాక్షన్ అయిన ఏడాదికి మా చెల్లె పుట్టింది అంటారు. మనకు అది కాలాన్ని కొలిచే గీత. 1948 సెప్టెంబరు 13న మొదలై, 17న ముగిసింది. అయిదు రోజులు.

ఆ అయిదు రోజుల్లో వచ్చిందెవరు? షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నడిపించిన భారత సైన్యం. ట్యాంకులు వచ్చాయి. విమానాలు ఎగిరాయి. సైన్యం వాళ్లు తమ కాగితాల్లో దానికి ఆపరేషన్ పోలో అని పేరు పెట్టుకున్నారు. వచ్చింది సైన్యం, జరిగింది యుద్ధం. కానీ లోకానికి చెప్పిన పేరు పోలీసు చర్య.

ఎందుకలా? నిజాం ప్రభుత్వం అప్పటికే ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి తలుపు తట్టింది. యుద్ధం అంటే అది రెండు దేశాల మధ్య సంగతి అవుతుంది. పోలీసు చర్య అంటే మన ఇంటి లోపలి సంగతి అవుతుంది. అందుకే ఆ పేరు. పేరు మారితే లెక్క మారుతుంది.

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పేరు మారితే లెక్క మారుతుంది. కథంతా దీని మీదే నడుస్తుంది.

1948లో సైన్యం పని చేసి, పోలీసు పేరు పెట్టారు. అంతకు పాతికేళ్ల ముందు, మన తూర్పు కొండల్లో, దీనికి సరిగ్గా తిరగేసిన పని జరిగింది. అక్కడ పోలీసులే వెళ్లారు. వాళ్ల పేరు పోలీసే. కానీ వాళ్ల చేత చేయించింది యుద్ధం.

ఆ కొండలు మన్యం. మన్నెం అని కూడా అంటాం. గోదావరికి ఉత్తరాన రంప, ఇంకాస్త పైకి గూడెం. కొండరెడ్లు, కోయలు, బగతలు ఉండే నేల. ఆ యుద్ధం పేరు చెప్పగానే మీ అందరికీ ఒక మనిషి గుర్తొస్తాడు. అల్లూరి సీతారామరాజు. ఆయన కథ మనం సినిమాల్లో చూశాం, బుర్రకథల్లో విన్నాం. ఈ రోజు నేను ఆయనకు ఎదురుగా నిలబడినవాళ్ల గురించి చెబుతాను. ఖాకీ తొడుక్కుని ఆ కొండలెక్కినవాళ్ల గురించి.

వాళ్లు ఎవరు? ఎక్కడి నుంచి వచ్చారు? వాళ్లను అలా తయారు చేసిందెవరు?

కొంచెం వెనక్కి వెళదాం. 1859లో మద్రాసు ప్రభుత్వం కొత్త చట్టం చేసి పోలీసు శాఖను ఏర్పాటు చేసింది. ఆ పోలీసు కొన్నాళ్లకు కొండల్లోకి కూడా వచ్చాడు. మైదానంలోనే అతనంటే భయం. కొండల్లో అయితే అడిగేవాడే లేడు. లంచం అడిగినా ఇవ్వాలి, కోడిని పట్టుకుపోయినా ఊరుకోవాలి. దానికి తోడు చిగురుపన్ను అని ఒకటి వచ్చింది. చెట్టెక్కి కల్లు గీసుకుంటే పన్ను కట్టాలన్నమాట. తాతల నాటి నుంచి తాగుతున్న కల్లుకు పన్నా అని కొండవాళ్ల కడుపు మండింది. 1879లో తిరగబడ్డారు. మొదట ఎక్కడికి వెళ్లారో తెలుసా? పోలీసు ఠాణాల మీదికి. వాళ్ల కళ్లకు ప్రభుత్వం అంటే కలెక్టరు కాదు, గవర్నరు కాదు. ఎదురుగా కనిపించే పోలీసే.

ఆ తిరుగుబాటును అణచడానికి పోలీసులు చాలలేదు. మద్రాసు సైన్యాన్ని దించారు. ఆ సైన్యానికి తోడుగా మన వైపు నుంచి, హైదరాబాద్ కంటింజెంటు నుంచి కూడా దళాలు వెళ్లాయి. ఆ కంటింజెంటు ప్రధాన స్థావరం బొల్లారం. మా మౌలాలికి ఎంతో దూరం లేదు. మన్యం ఎక్కడో, మనం ఎక్కడో అనుకుంటాం. కానీ మన ఊరి పక్క నుంచే ఆ కొండల మీదికి తుపాకులు నడిచాయి.

సరే, 1880కల్లా ఆ తిరుగుబాటు అణగిపోయింది. దాని నుంచి ప్రభుత్వం నేర్చుకున్నదేమిటి? పన్ను తగ్గించాలి, లంచం ఆపాలి అన్నది కాదు. సైన్యాన్ని పిలవడం చాలా ఖర్చు. పిలిస్తే పైవాళ్లను అడగాలి, కారణం చెప్పాలి. అందరి కళ్లూ పడతాయి. కాబట్టి సైన్యంలా పోరాడే పోలీసులను మనమే తయారు చేసుకుంటే పోతుంది. తెల్లవాళ్ల పాలనలో ఒక్క మద్రాసులోనే కాదు, దేశమంతటా ఈ ఆలోచనే పాతుకుపోయింది.

అలా తయారైన దళాల్లో రెండింటి గురించి చెబుతాను. ఒకటి పడమటి నుంచి వచ్చింది, రెండోది ఈశాన్యం నుంచి వచ్చింది. రెండూ మన మన్యంలోకే వచ్చాయి.

మొదటిది మలబారు స్పెషల్ పోలీసు. దాని ఇల్లు మలప్పురం. ఇప్పుడది కేరళలో ఉంది, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఒక మూల. 1921లో అక్కడ మాప్పిళ్లలు అనే ముస్లింల తిరుగుబాటు జరిగింది. దాన్ని అణచడానికి హిచ్‌కాక్ అనే పోలీసు అధికారి ఆధ్వర్యంలో ఈ దళాన్ని కొత్తగా బలపరిచారు. పేరు పోలీసు. నడక, శిక్షణ, ఆయుధం అంతా సైన్యానిది. కంపెనీలుగా విడగొట్టారు. సుబేదారు, జమేదారు అని సైన్యంలో ఉండే హోదాలే ఇచ్చారు. అలా బలపరిచి ఏడాది నిండిందో లేదో, మన్యం మండింది.

1922 ఆగస్టు 22. చింతపల్లి పోలీసు ఠాణా మీద సీతారామరాజు దళం పడింది. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు ఠాణాలు. మొత్తం 26 తుపాకులు పట్టుకుపోయారు. రాజు దొంగలా చీకట్లో వచ్చి పోలేదు. ఏమేం తీసుకుపోతున్నాడో ఠాణా పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. దొంగ అయితే సంతకం పెడతాడా? పెట్టడు. సంతకం పెట్టేవాడు ఏమంటున్నాడు? నేను దొంగను కాదు, మీతో యుద్ధం చేస్తున్నాను అంటున్నాడు. కానీ ప్రభుత్వం ఆ మాట ఒప్పుకోలేదు. వాళ్ల కాగితాల్లో అది యుద్ధం కాదు, ఫితూరీ. ఫితూరీ అంటే అలజడి. అలజడిని అణచడం పోలీసు పని. పేరు మారితే లెక్క మారుతుందని ఇందాక చెప్పాను కదా. ఇదిగో, ఇక్కడ మారింది.

ఆ తర్వాత నెల రోజులకు, 1922 సెప్టెంబరు 24న, దామనపల్లి కనుమలో ఒక సంఘటన జరిగింది. అది మీకు బొమ్మ కట్టినట్టు చెప్పాలి.

కనుమ అంటే రెండు కొండల మధ్య ఇరుకు దారి. పైన చెట్లు, కింద బండలు. వానాకాలం, దారంతా జారుడు. రాజును పట్టుకోవడానికి పోలీసు దళం వరసగా ఆ దారిన వెళుతోంది. ముందు మన దేశపు కానిస్టేబుళ్లు. వాళ్ల వెనక స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు. పైన చెట్ల చాటున రాజు దళం కాచుకుని ఉంది. ముందు నడుస్తున్న కానిస్టేబుళ్లు వాళ్ల గురికి అందారు. బాణం దూరంలోనే ఉన్నారు. అయినా ఒక్క తూటా పేలలేదు. వాళ్లను పోనిచ్చారు. దొరలిద్దరూ ఆ దారిలోకి వచ్చాక అప్పుడు పేల్చారు. కవర్డ్, హైటర్ అక్కడే చనిపోయారు.

ముందు నడిచిన కానిస్టేబుళ్లను పోనిచ్చారు. ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

దామనపల్లి తర్వాత ప్రభుత్వం భయపడింది. మామూలు పోలీసులతో అయ్యే పని కాదని తేల్చుకుంది. మలబారు పోలీసులను పెద్ద ఎత్తున దించింది. ఆ డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర తలపడినప్పుడు రాజు దళం చాలామందిని పోగొట్టుకుంది. ఎదురుగా ఉన్నది లాఠీ పట్టుకున్న పోలీసు కాదు మరి. యుద్ధం నేర్చుకుని వచ్చిన పోలీసు.

అయినా మన్యం లొంగలేదు. చలిజ్వరం వచ్చినవాళ్లను వచ్చినట్టే పడగొట్టింది. దారులు తెలియవు, భాష తెలియదు. అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఏడాదికి పైగా ఇలాగే గడిచింది. అప్పుడు మద్రాసు ప్రభుత్వం ఇంకో దళం కోసం కబురు పెట్టింది. ఎక్కడికో తెలుసా? దేశానికి ఆ చివరకు. అస్సాముకు.

1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ మన్యంలో దిగింది. ఇప్పుడు ఈ రెండో దళం కథ వినండి. ఇది వింటే మీకు విషయం పూర్తిగా అర్థమవుతుంది.

1835లో అస్సాం వైపు కచార్ లెవీ అని ఒక చిన్న కాపలా దళం పెట్టారు. సుమారు 750 మంది. తేయాకు తోటలకు, పల్లపు ఊళ్లకు కాపలా కాయడం, కొండల మీది నుంచి దాడులు రాకుండా చూడటం వాళ్ల పని. కాపలా దళం. అంతే. తర్వాత దాని పేరు ఫ్రాంటియర్ పోలీసు అయింది. ఆ తర్వాత మిలిటరీ పోలీసు అయింది. ఆ రెండు మాటలు పక్కపక్కన ఎలా కూర్చున్నాయో చూడండి. మిలిటరీ, పోలీసు. సైన్యమూ అదే, పోలీసూ అదే.

ఇంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సామ్రాజ్యానికి మనుషులు కావాలి. ఈ పోలీసు దళం నుంచి 3,000 మందికి పైగా గూర్ఖా రెజిమెంట్లలోకి పంపారు. ఠాణా, కాపలా, కొండదారి తప్ప ఏమీ ఎరగని మనుషులు సముద్రాలు దాటారు. యూరప్‌లో, మధ్యప్రాచ్యంలో పోరాడారు. ఎంతోమంది తిరిగి రాలేదు. బాగా పోరాడారని మెచ్చుకుని 1917లో ఆ దళానికి కొత్త పేరు ఇచ్చారు. అదే అస్సాం రైఫిల్స్. పేరులోంచి పోలీసు అనే మాట పోయింది. తుపాకి వచ్చి చేరింది.

అదే 1917లో ఇంకో ముఖ్యమైన సంగతి జరిగింది. ఫ్రాన్సులో యుద్ధానికి మూటలు మోయడానికి, కందకాలు తవ్వడానికి కూలీలు కావాలన్నారు. మణిపూర్ కొండల్లోని కుకీలను పంపమన్నారు. మా బిడ్డలను ఎక్కడికో పంపం అని కుకీ పెద్దలు ఎదురు తిరిగారు. 1919 దాకా ఆ పోరాటం సాగింది. ఆ కుకీల మీదికి ఎవరిని పంపారు? అస్సాం రైఫిల్స్‌నే. కొండల్లో పోరాడటం, అడవిలో జాడ పట్టడం, ఊరు చుట్టుముట్టడం ఆ దళానికి ఆ రోజుల్లో ఇంకా బాగా పట్టుబడ్డాయి.

ఇప్పుడు కలిపి చూడండి. మణిపూర్‌లో కుకీలు ఎందుకు తిరగబడ్డారు? బలవంతపు చాకిరీ వల్ల. మన గూడెం కొండల్లో ఎందుకు తిరగబడ్డారు? అడవి చట్టాలు వచ్చి పోడు కొట్టుకోనివ్వలేదు. రోడ్డు పనికి తోలుకుపోయి చాలీచాలని కూలి చేతిలో పెట్టారు. అక్కడా వెట్టి, ఇక్కడా వెట్టి. అక్కడ అణచడం నేర్చుకున్న దళాన్నే ఇక్కడికి తెచ్చారు. తెచ్చినవాళ్లకు కుకీ ఒకటే, కోయ ఒకటే. ఇద్దరూ కొండమనుషులే, ఇద్దరూ ఫితూరీదార్లే.

వచ్చిన జవాన్లు ఎవరు? గూర్ఖాలు, కచారీలు, కుకీలు. వాళ్లూ కొండల్లో, అడవి అంచున పుట్టినవాళ్లే. వాళ్లూ పేదవాళ్లే. ఇంట్లో గింజలు లేక ఖాకీ తొడుక్కున్నవాళ్లే. కొండవాడి చేతికి తుపాకి ఇచ్చి ఇంకో కొండవాడి మీదికి పంపడం. ఆ పాలన బలం అందులోనే ఉంది.

1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ అనే అధికారిని మన్యానికి ప్రత్యేక కమిషనర్‌గా వేశారు. ఊళ్లకు తిండి గింజలు అందకుండా చేశారు. దారులన్నీ మూసేశారు. నెల తిరిగింది. మే 7న, మంప దగ్గర, కుంచు మీనన్ అనే జమేదారు రాజును పట్టుకున్నాడు. అతను ఈస్ట్ కోస్ట్ స్పెషల్ పోలీసువాడు. అంటే అదీ పోలీసు పేరు ఉన్న దళమే. పట్టుకుని కొయ్యూరుకు తీసుకుపోయాడు. అక్కడ ఉన్నది అస్సాం రైఫిల్స్‌కు చెందిన మేజర్ గుడాల్. ఆ రోజే రాజును కాల్చి చంపారు. పారిపోబోతుంటే కాల్చామని ప్రభుత్వం చెప్పింది. చెట్టుకు కట్టి కాల్చారని మన్యం చెబుతుంది.

శ్రోతలారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. నా మాటకు ఇదే మూలం.

అది యుద్ధం అయితే, పట్టుబడినవాడు యుద్ధఖైదీ. యుద్ధఖైదీని చంపకూడదు. ప్రపంచంలో సైన్యాలన్నీ ఒప్పుకున్న నియమం అది. అది పోలీసు పని అయితే, పట్టుబడినవాడు ముద్దాయి. ముద్దాయిని కోర్టులో నిలబెట్టాలి. సాక్ష్యం వినాలి. తీర్పు చెప్పాల్సింది జడ్జి. పోలీసు అయినా ముద్దాయిని చంపకూడదు.

రాజు యుద్ధఖైదీ కాలేదు. ముద్దాయీ కాలేదు. అటు సైన్యం నియమమూ ఆయన్ను కాపాడలేదు, ఇటు పోలీసు నియమమూ కాపాడలేదు. రెండు చట్టాల మధ్య సందులో ఆయన్ను కాల్చేశారు. పోలీసు పేరు పెట్టి యుద్ధం పని చేయిస్తే ఏర్పడేది ఆ సందే. ఆ సందులో అడిగేవాడు ఉండడు. జవాబు చెప్పేవాడు ఉండడు.

మరోసారి చెబుతాను. పోలీసు పేరు, యుద్ధం పని. ఈ రెండూ కలిసిన చోట మనిషికి ఏ చట్టమూ అండగా ఉండదు.

మరి తెల్లవాళ్లు వెళ్లిపోయాక ఇది ఆగిపోయిందా? ఆగలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మలబారు స్పెషల్ పోలీసు ఉంది. 1948లో పోలీస్ యాక్షన్ నాడు మన సరిహద్దుల్లో ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో ఆంధ్ర జిల్లాల్లోనూ ఆ దళం శిబిరాలు వేసింది. మలబారు పోలీసులు వస్తున్నారంటే కృష్ణా జిల్లా ఊళ్లలో మగవాళ్లు పొలాలకు అడ్డంపడి పరుగెత్తేవాళ్లు. 1949లో కాటూరు, యలమర్రు గ్రామాల్లో సాయుధ పోలీసులు మగవాళ్లను బట్టలు విప్పించి ఊరేగించారు. గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. జెండా మారింది, ప్రభుత్వం మారింది. పోలీసును సైనికుడిలా తయారు చేసే పద్ధతి మాత్రం మారలేదు. ఒక దళానికి ఊరిని శత్రువులా చూడటం నేర్పితే, అది స్వతంత్ర దేశంలోనూ ఊరిని శత్రువులాగే చూస్తుంది.

అయితే నేను ఖాకీని తిట్టడానికి రాలేదు. ఇదే కథలో ఇంకో ముఖం ఉంది. అది చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ని అవుతాను.

1942కు వెళదాం. అప్పట్లో రంగూను నిండా మనవాళ్లే. విశాఖపట్నం నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి బర్మా వెళ్లి, రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పని చేశారు, రిక్షాలు లాగారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లారు కాబట్టి బర్మావాళ్లు మన తెలుగువాళ్లను కోరంగీలు అనేవాళ్లు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో రంగూను పడిపోయింది. ఓడ దొరికినవాళ్లు ఓడెక్కారు. దొరకనివాళ్లు నడిచారు. బర్మా అడవుల గుండా, కొండల మీదుగా, మణిపూర్ దాకా నడిచారు. వానలు మొదలయ్యాయి. దారి పొడవునా శవాలు. బిడ్డలను ఎత్తుకుని బయల్దేరిన తల్లులు ఒట్టి చేతులతో సరిహద్దు చేరారు.

ఆ సరిహద్దులో వాళ్లకు ఎదురుపడిన ఖాకీ ఎవరిదో తెలుసా? అస్సాం రైఫిల్స్‌ది. ఆ కొండల్లో కాపలా ఉన్నది ఆ దళమే. దారి చూపడం, శిబిరాలకు చేర్చడం, ఆ జనాన్ని ఒక వరసలో పెట్టడం, ఇందులో ఆ జవాన్ల చేయి ఉంది. 1924లో మన్యంలో తెలుగువాళ్ల మీద తుపాకి ఎత్తిన దళం అదే. 1942లో అడవి దాటి వచ్చిన తెలుగువాళ్లకు చేయి అందించిన దళమూ అదే. మధ్యలో గడిచింది పద్దెనిమిదేళ్లే.

ఆ తర్వాత రెండేళ్లకు, 1944 ఏప్రిల్‌లో, జపాను సైన్యం కొహిమాను చుట్టుముట్టింది. కొహిమాను నిలబెట్టిన చిన్న దండులో అస్సాం రైఫిల్స్ మనుషులు కూడా ఉన్నారు. రెండు వారాలకు పైగా నీళ్లకు కూడా కటకటలాడుతూ నిలబడ్డారు. అది నిజమైన యుద్ధం. ఎదురుగా ఉన్నది నిజమైన సైన్యం. అక్కడ వాళ్లు చేసింది సైనికుడి పని, చేసినట్టే పేరు వచ్చింది.

మనుషులు ఆ మనుషులే. తుపాకీ ఆ తుపాకీయే. కొయ్యూరులో ఒకలా, కొహిమాలో ఒకలా, శరణార్థుల దారిలో ఇంకోలా. తేడా జవానులో లేదు. తేడా అతనికి అందిన హుకుంలో ఉంది. ఎవరి మీదికి పంపారు? ఎందుకు పంపారు? ఎవరికి జవాబు చెప్పమన్నారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు మారితే మనిషే మారిపోయాడు.

ఇందాక మొదట్లో ఒక ప్రశ్న అడిగాను. సిపాయికీ పోలీసుకూ తేడా ఏమిటని. నాకు తోచింది చెబుతాను. సైనికుడు సరిహద్దుకు వెళతాడు. అతని ఎదుట ఉన్నవాడు పరాయివాడు. పోలీసు ఊళ్లోకి వెళతాడు. అతని ఎదుట ఉన్నవాడు తనవాడు. తప్పు చేసినా తనవాడే. దొంగతనం చేసినా తనవాడే. రేపు కోర్టులో, ఎల్లుండి సంతలో మళ్లీ ఎదురుపడేవాడు. ఇంతకు మించి తేడా లేదు. ఈ తేడా చెరిగిపోయిన చోటల్లా ఒక మన్యం తయారవుతుంది.

ఇప్పుడు మళ్లీ దామనపల్లి కనుమ దగ్గరికి వస్తాను. వస్తానని మాట ఇచ్చాను కదా.

వాన పడుతోంది. ఇరుకు దారి. కానిస్టేబుళ్లు ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. నర్సీపట్నంలో కవర్డ్, హైటర్ల సమాధులు ఉన్నాయి. ఆ కానిస్టేబుళ్లకు ఏమీ లేదు. ఎందుకంటే వాళ్లు చావలేదు. చావకుండా వదిలేశారు కాబట్టి. నెల జీతం కోసం ఇల్లు వదిలి వచ్చినవాళ్లు. ఎవరికో తండ్రులు. పైన చెట్ల చాటున ఉన్నవాళ్లకు వాళ్లు స్పష్టంగా కనబడుతున్నారు. ప్రభుత్వం వాళ్లను యుద్ధానికే పంపింది. వాళ్ల చేతికి తుపాకి ఇచ్చింది. వాళ్లను కాల్చినా యుద్ధంలో తప్పు కాదు.

రాజు కాల్చనివ్వలేదు.

పంపిన ప్రభుత్వం వాళ్లను సైనికులనుకుంది. కొండల మీద కాచుకున్న మనిషి మాత్రం వాళ్లు మనవాళ్లు, పోనివ్వండి అన్నాడు. ఆ రోజు ఆ కనుమలో పోలీసును పోలీసుగా చూసినవాడు ఆయన ఒక్కడే.

రేపు పొద్దున మా మౌలాలిలో మళ్లీ కవాతు వినిపిస్తుంది. ఆ పిల్లలు శిక్షణ ముగించుకుని స్టేషన్లకు వెళతారు. తప్పిపోయిన పసివాణ్ని తల్లికి అప్పగిస్తారు. కదిలే బండి ఎక్కబోయి జారినవాణ్ని చేయిపట్టి లాగుతారు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నేను ఆ పిల్లల కోసం ఒక్కటే కోరుకుంటాను. వాళ్లను ఎవరూ ఎన్నడూ వాళ్ల సొంత జనం మీద యుద్ధానికి పంపకూడదు. దామనపల్లి కనుమలో ఆ కానిస్టేబుళ్లను పోనిచ్చిన చూపు, రేపు వాళ్లను పంపేవాళ్లకు కూడా ఉండాలి.